స్నేహలత వెంట వచ్చే దున్నపోతు

అశోక్‌నగర్ హాస్టళ్లల్ల ఉండేటోళ్లకు పొద్దుగాల లేస్తే రెండు పంచాయితీలు. ఒకటి బాత్రూం కాడ, ఇంకోటి చిక్కడపల్లి లైబ్రరీల సీటు కాడ. బాత్రూం కాడ స్నేహలత ఎవరికీ తీసిపోదు గానీ, లైబ్రరీల మాత్రం ఆమెకు పోటీయే లేదు. ఫ్యాను కింద సీటు కోసం అందరు దస్తీలేసి కొట్లాడుకుంటుంటే, ఆమె పోయి గేటు పక్కన బెంచీ మీద కూసుంటది. ఆడ ఎండ కొడతది, హారన్లు మోగుతయి, మిర్చి బజ్జీల పొగ కండ్లల్లకు వస్తది. అయినా ఆమెకు అదే కావాలె. ఎందుకంటే, ఆణ్నుంచి అయితేనే లేచి బయటికి ఉరుకుడు సులువు.

ఉరకాల్సిన పనేందంటే, దున్నపోతు.

స్నేహలతది సిద్దిపేట దిక్కు ఊరు. గ్రూప్-టూ కొలువు కోసం పట్నమొచ్చింది. ఒకనాడు ఆర్టీసీ క్రాస్‌రోడ్డు కాడ బస్సుల నిలబడి ఉంటే, ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకున్నది. చేతులు తిమ్మిరెక్కినయి, ఊపిరి అందలే. పక్కకు చూస్తే, జనం నడుమ నల్లటి దున్నపోతు ఒకటి ఆమెకు ఆనుకొని నిలబడ్డది. దున్నపోతు మీద ఎవరు తిరుగుతరో చిన్న పిల్లలను అడిగినా చెప్తరు. యముడు రానే వచ్చిండు, నా పని అయిపోయింది అనుకొని స్నేహలత సిగ్నల్ కాడ ఆగిన బస్సులకెల్లి కిందికి దునికింది. కండక్టరేమో "లోపలికి జరగాలె, జర లోపలికి జరగాలె" అని అందరికి చెప్పినట్టే దున్నపోతుకూ చెప్పిండు.

ఆనాటి సంది అది ఇడిచిపెట్టలే. బస్సులకొచ్చింది, ఆమె బస్సెక్కుడు బంద్ చేసింది. సినిమా హాల్లకొచ్చింది, సినిమా బంద్. లైబ్రరీ లోపలికొచ్చింది, లోపలికి పోవుడే బంద్. ఒక్కొక్క జాగ దానికి వదులుకుంట పోతే ఆఖరికి పిల్లకు హాస్టల్ గది, గేటు పక్కన బెంచీ మిగిలినయి. చేతిల ఎప్పుడూ నీళ్ల బాటిల్, బ్యాగుల గ్లూకోజ్ పొడి. గుండె డాక్టర్ అన్ని పరీక్షలు చేసి, "నీ గుండె నా గుండె కంటే గట్టిగున్నది" అన్నడు.

జనం మాత్రం ఎవ్వరూ పరేషాన్ కాలే. లైబ్రరీ వాచ్‌మన్ లక్ష్మయ్య అయితే, సందు మూలకు కొమ్ములు కనవడంగనే కేకేసేటోడు.

"బిడ్డా స్నేహా, నీ దున్నపోతు వస్తున్నది! గేటు తీసిన, ఉరుకు!"

మంచి మనిషి పాపం. సాయం చేస్తున్న అనుకున్నడు.

పోయినసారి అది పరీక్ష హాల్లకే వచ్చింది. పేపర్ సగం కూడా కాలే, స్నేహలత పెన్ను ఆడనే పారేసి బయటికి ఉరికింది. మల్ల నోటిఫికేషన్ పడేసరికి ఏండ్లు గడిచినయి. ఇప్పుడు పడ్డది. ఈసారి కూడా ఉరికితే సామాన్లు సర్దుకొని ఊరికి పోవుడే. ఇంకోసారి ఎదురుచూసే ఓపిక ఆమెకు లేదు, ఇంటోళ్లకూ లేదు.

"నీకు తెల్వని సర్కారు స్కీమున్నదానే ఈ రాష్ట్రంల?" అని గదిల తోడుండే సంధ్య తిట్టింది. "చదువు తక్కువై కాదు, భయం ఎక్కువై పోగొట్టుకుంటున్నవ్. నారాయణగూడల ఒక సైకాలజిస్టు మేడం ఉన్నదట. నడువ్!"

మేడం పేరు శ్రీదివ్య. మందుల షాపు మీద రెండో అంతస్తుల చిన్న గది, రెండు కుర్చీలు.

"అది వచ్చినప్పుడు మీ మనసుల ఏమనుకుంటరు?" అని అడిగింది మేడం.

"సచ్చిపోతున్న అనుకుంట. దున్నపోతొచ్చినంక ఇంకేముంటది మేడం?"

"ఇప్పటిదాక ఎన్నిసార్లొచ్చింది?"

"లెక్కెక్కడిది? మస్తుసార్లు."

"ఎన్నిసార్లు సచ్చిపోయిన్రు?"

స్నేహలతకు కోపమొచ్చింది. ఎంటనే నవ్వొచ్చింది. నవ్వుతుండంగనే ఏడుపొచ్చింది. మేడం తొందరపెట్టలే, ఏడ్వనిచ్చింది.

"ఉరికిన కాబట్టే బతికిన," అన్నది ఆఖరికి, ముక్కు తుడుచుకుంట.

"కావచ్చు. ఉరకకున్నా బతుకుతుంటిరేమో. ఎన్నడన్న ఆగి చూసిన్రా? దాని మీద ఎవరన్న కూసున్నరా?"

స్నేహలత యాది చేసుకొని చూసింది. ఇన్నేండ్లల దాని వీపు దిక్కు తలకాయెత్తి చూసిందే లేదు.

అప్పుడు మేడం తన పద్ధతి చెప్పింది. సీబీటీ అంటరట, ఆలోచననూ అలవాటునూ మార్చే చికిత్స. "ఆపదొస్తే మోగే గంట ఒకటి ఒంట్లె ఉంటది. మీది ఏ ఆపద లేకున్నా ఊకెనే మోగుతున్నది. గుండె దడ, ఊపిరి అందకపోవుడు, అన్నీ దాని చప్పుళ్లే. అది మోగంగనే మీరు ఉరుకుతున్నరు, ఉరికినందుకే బతికిన అని మనసు నమ్ముతున్నది. అందుకే మల్ల మోగుతున్నది. ఇగ మనం ఏం చేస్తమంటే, దాన్ని మనమే పిలుస్తం."

"దున్నపోతునా?"

"అవ్."

ఓయమ్మో! స్నేహలత చెప్పులు ఏడ ఇడిచిందో ఎతుక్కున్నది.

మల్లొచ్చిన వారం మేడం ఆమెను బిరబిర ఊపిరి తీయమన్నది, తను కూడా తీసింది. గుండె దడ మొదలైందో లేదో, మెట్ల మీద గిట్టల చప్పుడు. రిసెప్షన్ల కూసున్న ఆదిలక్ష్మి లేచి, తొక్కుతదేమోనని చెప్పులన్నీ పక్కకు జరిపింది. స్నేహలత ఆగితే కదా! దాన్ని రాసుకుంటనే కిందికి ఉరికింది. హాస్టల్‌కు పోయి దుప్పటి కప్పుకొని, "నాతోని కాదే" అని సంధ్య ముందట వలవల ఏడ్చింది.

ఫోన్ల మేడం తిట్టలే. "అది మెట్లెక్కేదాకనన్న కూసున్నరు కదా. వచ్చేవారం ఇంకాసేపు కూసుందాం," అన్నది.

అట్ల మొదలైంది. ఒకనాడు గిట్టలు చూసింది. ఇంకోనాడు చేతికి దాని ముట్టె తగిలేదాక కదల్లే. నీళ్ల బాటిల్ గదిలనే పెట్టి లైబ్రరీకి పోవుడు నేర్చుకున్నది. లక్ష్మయ్యతోని, "కాకా, ఇగ నా కోసం గేటు తీయకు. కేక కూడా వేయకు," అని చెప్పింది. ఆయన మొకం చిన్నవోయింది.

పరీక్ష దగ్గరవడ్డది. ఆనాడు స్నేహలత పొద్దుగాలనే పోయి, లోపలి హాల్ల, నట్టనడిమి వరసల, ఫ్యాను కింద దస్తీ వేసింది. ఆమె ఆడ కూసునుడు చూసి లైబ్రరీ లైబ్రరీయే తలకాయెత్తింది. అది రానే వచ్చింది. టేబుళ్ల నడుమకెల్లి వస్తుంటే చదువుకునేటోళ్లు పుస్తకం మీదికెల్లి చూపు తిప్పకుంటనే కాళ్లు ముడుచుకున్నరు. వచ్చి, స్నేహలత భుజం మీద వేడి ఊపిరి వదిలింది.

గుండె గొంతులకొచ్చింది. ఇప్పుడు సస్తవ్ అన్నది మనసు. సూద్దాం తీ అనుకున్నది స్నేహలత. కాళ్లు ఉరుకుతమని మొత్తుకుంటున్నయి. ఆమె కుర్చీ ఇడ్వలే. దడ పెరిగింది, ఇంకా పెరిగింది, ఇగ పెరగనీకి జాగ లేక ఆగింది. వానకు పొంగిన వాగు ఎవరూ ఏమీ చేయకున్నా దిగినట్టు, దానంతటదే దిగవట్టింది. అప్పుడు తలకాయెత్తి దాని వీపు చూసింది.

ఎవ్వరూ లేరు. యముడు లేడు, ఆయన చేతిల తాడూ లేదు. ఒక ఎండుటాకు, జరంత దుమ్ము.

చూపు కిందికి దించింది. ఇంకోటి కనవడ్డది, పొదుగు.

స్నేహలత బర్రెల కొట్టం పక్కన పుట్టిన పిల్ల. అల్లంత దూరంకెల్లి నడక చూసి ఏది బర్రెనో, ఏది దున్ననో చెప్పగలదు. అసొంటిది ఇన్నేండ్లు!

"కాకా!" అని అరిచింది, లైబ్రరీ అన్న సోయి కూడా లేకుండ. "ఇది బర్రె!"

"బర్రెనే బిడ్డా," అన్నడు తలుపు కాడికెల్లి లక్ష్మయ్య.

"మరి దున్నపోతు, దున్నపోతు అని కేకలేస్తివి?"

"బర్రె నీది. నువ్వే దున్నపోతు అంటివి. నేనెట్ల కాదంట?"

స్నేహలత నవ్వింది. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లొచ్చినయి. మోకాళ్ల మీద కూసొని పొదుగు ముట్టి చూసింది. నిండి, రాయి లెక్క గట్టివడ్డది. పిండే చెయ్యి లేక పాపం ఎంత నొప్పి వడ్డదో, ఆమె కోసమని బస్సులెక్కి, మెట్లెక్కి తిరిగింది. ఆమె ఏమో ఉరికింది. ఆనాడు లక్ష్మయ్య బకెట్ తెచ్చిండు, మధ్యాహ్నం లైబ్రరీల అందరు చిక్కటి చాయ్ తాగిన్రు.

పరీక్ష సెంటర్ అడిక్‌మెట్ కాడ పడ్డది. భయం పోయిందని ఎవరన్న అంటే నమ్మకున్రి. పేపర్ ఇయ్యంగనే గుండె దడదడ, చేతులు తిమ్మిర్లు, గుమ్మంల కొమ్ములు. పోయినసారి ఉరికినట్టే కాళ్లు ఒక్కసారి లేవవోయినయి. స్నేహలత వాటిని కూసోవెట్టింది. జరిపి జాగ ఇద్దామంటే, బ్యాగు బయటనే పెట్టమన్నరాయె. కుర్చీనే జరంత పక్కకు లాక్కున్నది.

"అమ్మా, బర్రెను బాటకు అడ్డం పండవెట్టకు. గోడ దిక్కు జరుపు," అన్నడు హాల్ల డ్యూటీ సారు, సంతకం తీసుకుంట.

ఆమె మోకాలుతోని మెల్లగ తోసింది. బర్రె గోడ పక్కన ముడుచుకొని పండి నెమరేయవట్టింది. ఆ చప్పుడు ఇనుకుంట స్నేహలత రాసింది. ఆఖరి గంట కొట్టేదాక రాసింది.

బయట గేటు కాడ సంధ్య గోర్లు కొరుక్కుంట నిలబడ్డది. అందరితోని పాటు వస్తున్న స్నేహలతను, వెనకనే తోకూపుకుంట వస్తున్న బర్రెను చూసి ఎదురురికింది.

"నడుమల లేవలేదా? ఆఖరిదాక కూసున్నవా?"

"కూసున్న."

"ఎట్ల రాసినవే? కొలువస్తదా?"

"అది తర్వాత చూద్దాం," అన్నది స్నేహలత, బర్రె మెడ మీద చెయ్యేసి. "ముందుగాల ఏడన్న ఒక బకెట్ దొరుకుతదేమో అడుగు. పాలు పిండే యాళ్లయింది."