వాగు రంగు

నీళ్ళు లాగే గొట్టం మూతికి బిగించిన ఇనపజాలీ మీద పేరుకున్న ఆకుల్ని క్లెమ్ హార్గన్ వట్టి చేతులతోనే లాగేస్తున్నాడు. గ్లవుజులు వేసుకుంటే ఏది ఆకో ఏది వేరో తెలియదని అతని వాదన. ముందురోజు ఉరుములతో కురిసిన వానకి వాగు నిండుగా దిగుతోంది. భూగోళానికి దక్షిణాన ఉన్న ఆ దేశంలో ఫిబ్రవరి అంటే వేసవే; ఎండలు కాస్తున్నా నీళ్ళు మాత్రం వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. రంగు పాలు కలపని పలచటి టీలా ఉంది.

క్లెమ్ పొడగరి. గొట్టాల మీదికి వంగీ వంగీ భుజాలు ముందుకు వాలిపోయాయి. ఎండకి ముక్కు మీద తోలు ఏడాది పొడుగునా ఊడుతూనే ఉంటుంది. క్లోరిన్ తిన్న చేతులు ఎండు చెరువులా పగుళ్ళిచ్చాయి. స్నోయీ అనే కొండల మీద ఆ ఊళ్ళో చలికాలం మంచు మీద జారడానికొచ్చే వాళ్ళూ, వేసవిలో కొండెక్కడానికొచ్చే వాళ్ళూ తాగేది అతను పంపే నీళ్ళే. రేకుల షెడ్డు, అందులో ఇసుక పోసిన తొట్లు, క్లోరిన్ డబ్బాలు, గుట్ట మీద ఒక ట్యాంకు. అదీ అతని ఉద్యోగం. పెళ్ళి ఒకటి జరిగింది గానీ నిలవలేదు.

వాన పడ్డప్పుడల్లా వాగుకి ఈ రంగు వచ్చేది. క్లెమ్ ఇసుక కడిగేవాడు, మార్చేవాడు, క్లోరిన్ ఇంకాస్త పోసేవాడు. రంగు కొంచెం విరిగేది, వాసన మాత్రం పెరిగేది. హోటల్లో తెల్లటి స్నానపు తొట్లలో పసుపు నీళ్ళు చూసి అతిథులు కేకలేసేవారు. ఊళ్ళో అతనికి మురికి క్లెమ్ అని పేరు పడిపోయింది. అందరితో పాటు అతనూ నవ్వేవాడు. నవ్వి, షెడ్డుకి పోయి మళ్ళీ ఇసుక కడిగేవాడు.

ఈ పూట నీళ్ళు బాగుండవని హోటల్ వంటింట్లో చెప్పడానికి వెళ్ళాడు. వంటమనిషి డోరీన్ రొట్టె కోస్తూ తలెత్తలేదు.

“చెప్పక్కర్లేదులే. పొద్దున టీలో ఆకు వెయ్యడం మర్చిపోయాను. ఒక్కళ్ళూ కనిపెట్టలేదు.”

తిట్టినంత తిట్టి, మాంసం ముక్కలు పెట్టిన రొట్టె కాగితంలో చుట్టి అతని జేబులో కుక్కింది. అది రోజూ ఉండేదే.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి ఇమోజెన్ గుమ్మంలో కూర్చుని సీసాలకి చీటీలు అంటిస్తోంది. కొండ మీది సరస్సుల్లోనూ వాగుల్లోనూ పరీక్షకి నీళ్ళు పట్టుకుపోవడానికి విశ్వవిద్యాలయం నుంచి ప్రతి వేసవీ వచ్చే పిల్ల. క్లెమ్‌కి ఒక సందేహం చాలాకాలంగా ఉంది. బురద నీళ్ళు సీసాలో పోసి ఉంచితే తెల్లారేసరికి అడుక్కి దిగుతుంది. ఈ రంగు ఎన్నాళ్ళుంచినా దిగదు. చదువుకున్న వాళ్ళని అడిగితే నవ్వుతారేమోనని ఎవరినీ అడగలేదు. ఆ పూట ఎందుకో అడిగేశాడు.

ఆమె నవ్వలేదు. చీటీలు పక్కన పెట్టింది.

“అది మురికి కాదండీ. గడ్డీ, ఆకులూ, నాచూ నీళ్ళలో నాని నాని దిగిన సారం. పంచదారలా కరిగిపోయి ఉంటుంది. మీ ఇసుకకి చిక్కదు. క్లోరిన్ పోస్తే దాంతో కలిసే ఆ వాసన.”

“అయితే ఇన్నేళ్ళూ నేను కడిగిందేమిటి?”

ఇమోజెన్ నోరు తెరిచేలోగా అతనే చెప్పాడు.

“ఇసుక.”

ఇద్దరూ నవ్వారు. తరవాత ఆమె ఇంకో సంగతి చెప్పింది. బాగా పైనున్న సరస్సుల చుట్టూ రాళ్ళే కనక నీళ్ళు అద్దంలా ఉంటాయట. ఎండ అడుగుదాకా దిగి, నీళ్ళలో పెరిగే చిన్న ప్రాణుల్ని మాడ్చేస్తుందట. ఈ రంగున్న చోట వాటికి గొడుగు పట్టినట్టేనట. మన వాగుకి ఈ సారం ఎక్కడ దిగుతోందని అడిగితే, పైన నాచునేల ఉంది, వాగు వెంట వెళ్తే అదే కనిపిస్తుందంది.

క్లెమ్ ఆ జాలీ దాటి పైకి ఎప్పుడూ వెళ్ళలేదు. అతని పని అక్కడితో సరి. ఊరికి ట్యాంకు నీళ్ళు వదిలి, షెడ్డుకి తాళం వేసి, సంచి తగిలించుకుని బయల్దేరాడు. నాలుగడుగులకోసారి ఆయాసం వచ్చి ఆగాల్సి వచ్చింది. సిగరెట్ల పుణ్యం అనుకున్నాడు. ఒకచోట వాగు రెండు పాయలుగా విడిపోయింది. ఒకటి గాజులా ఉంది, ఒకటి టీ రంగు. రంగున్నదాన్ని పట్టుకుని ఎక్కాడు.

పొట్టి యూకలిప్టస్ చెట్లు పలచబడే చోట నేల మెత్తబడింది. ఎటు చూసినా పరుపుల్లా ఉబ్బిన నాచు, మధ్య మధ్య నల్లటి చిన్న మడుగులు. అరచెయ్యి ఆనించి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరాయి. క్లెమ్ బోర్లా పడుకుని ఒక మడుగులోకి చూశాడు. తేనె రంగు వెలుగులో తోకకప్పలు తిరుగుతున్నాయి. చొక్కా తడిసిపోతున్నా లేవలేదు. ఒకటి పైకొచ్చి బుడగ వదిలి మళ్ళీ కిందికి పోయింది. అది ఎక్కడికి పోతుందో చూద్దామని ముఖం నీళ్ళకి ఆనేదాకా వంచాడు.

రొట్టె అక్కడే తిన్నాడు. సంచిలోంచి సత్తుకప్పు తీసి మడుగులో ముంచి తాగాడు. కాస్త వగరు, కాస్త మట్టి. మళ్ళీ ముంచుకున్నాడు. వచ్చేటప్పుడు కప్పు సంచిలో వేసుకోబోయి, ఆలోచించి, దగ్గర్లోని చెట్టు పంగలో పెట్టాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఉంటుంది కదా.

సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి డోరీన్‌తో చెప్పాడు.

“అది మురికి కాదట డోరీన్. వంటంతా పైన జరుగుతోంది. నేను వడ్డించేవాణ్ణి, అంతే.”

“అయితే వడ్డించేటప్పుడు ఆ క్లోరిన్ కాస్త తగ్గించు.”

సరేనన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకి వింతగా తోచింది.

మర్నాడు పొద్దున హోటల్ కుళాయిలో నీళ్ళు సన్నగిల్లి ఆగిపోయాయి. డోరీన్ సణుక్కుంటూ షెడ్డుకి వెళ్ళింది. తాళం తీసి లేదు. జాలీ నిండా ఆకులు మూసుకుపోయి ఉన్నాయి. అక్కణ్ణించి అతని ఇంటికి వెళ్ళింది. క్లెమ్ కుర్చీలో ఉన్నాడు. ఒక కాలి మేజోడు విప్పి, రెండోదానికి వంగబోయి ఆగినట్టున్నాడు. గుండె అన్నాడు డాక్టరు.

డోరీన్ తిరిగి జాలీ దగ్గరికెళ్ళి, చేతులు మొద్దుబారేదాకా ఆకులు లాగింది.

చలి మొదలయ్యే ముందు ఇమోజెన్ చివరిసారి సీసాలు పట్టుకుని పైకి వెళ్తుంటే డోరీన్ కూడా వస్తానంది. దారి పొడుగునా మోకాళ్ళని తిట్టుకుంటూనే ఎక్కింది. నాచునేల అంచున చెట్టు పంగలో సత్తుకప్పు ఉంది. సగందాకా వాననీళ్ళు నిలిచాయి. అందులో రెండు యూకలిప్టస్ ఆకులు పడి నానుతున్నాయి. కప్పు అడుగున సత్తు తెలుపు మీద నీళ్ళు అప్పుడే లేతగా రంగు తిరుగుతున్నాయి.