ఫ్రీజర్‌లో పెట్టిన షటిల్

నేను ఒక నైలాన్ షటిల్‌ని. తలకాయేమో కార్కు, మిగతా ఒళ్లంతా పసుపుపచ్చ వల. కొట్టించుకోవడానికే పుట్టాను కాబట్టి దెబ్బల మీద నాకు ఫిర్యాదు లేదు. నా బాధంతా మనుషులు చేసే గారాబం గురించే.

ఎక్కడో ఫ్యాక్టరీలో కరిగించి అచ్చులో పోస్తే ఇలా తయారయ్యాను. తోటి షటిళ్లతో కలిసి ఒక డబ్బాలో తెనాలి చేరాను. అక్కడ మృదుల మమ్మల్ని కొన్నది. పెళ్లయ్యాక ఆమె మళ్లీ బ్యాటు పట్టడం అదే మొదలు. అపార్ట్‌మెంట్ వాళ్ల పోటీకి పేరిచ్చింది. భర్త కిశోర్ సరేనన్నాడు గాని ఒక మెలిక పెట్టాడు. గెలిస్తే ఆడుకోవచ్చు, ఓడితే ఆట మానేయాలి. ఎంత పెద్ద మనసో!

కోడలి పక్షాన నిలబడింది అత్తగారు రాజ్యలక్ష్మమ్మ. ఆవిడకు ఆట తెలియదు, ఫ్రిజ్ తెలుసు. మల్లెపూలు, గోరింటాకు, టార్చి బ్యాటరీలు, ఏవైనా అందులో పెడితే చెడవని ఆవిడ నమ్మకం. ఫైనల్‌కని దాచిన మమ్మల్ని కూడా వదల్లేదు. "ఈ ఎండలకి ప్లాస్టిక్కు మెత్తబడిపోద్ది" అంటూ, కోడలికి చెప్పకుండా, ఫ్రీజర్‌లో అల్లంవెల్లుల్లి ముద్ద పక్కకు తోసేసింది.

అమ్మా తల్లీ! నైలాన్‌కి కాస్త వెచ్చదనం, కాస్త తేమ ఉండాలి. అప్పుడే దెబ్బకు వంగి మళ్లీ నిలబడుతుంది. చలికి బిగుసుకుపోయి, తేమ ఆరిపోతే వేయించిన అప్పడంలా విరుగుతుంది. ఇది చెప్పడానికి నాకు నోరేదీ? ఆవిడేమో మీగడ గిన్నె తీసినప్పుడల్లా మమ్మల్ని తడిమి మురిసిపోయేది. నా కార్కు బుర్రను గోడకేసి బాదుకోవాలనిపించేది.

ఫైనల్ రోజు అంతకన్నా ఘోరం. ఐస్ ముక్కలు నింపిన టిఫిన్ డబ్బాలో పెట్టి కోర్టుకు మోసుకొచ్చింది. స్కోరు సమానమై, ఆఖరి పాయింటు మిగిలింది. పాత షటిల్ నలిగిపోవడంతో నన్ను తీశారు. చేతికి చల్లగా తగలగానే మృదుల ఉలిక్కిపడింది. గట్టు మీద అత్తగారు సంబరంగా చేతులూపుతుంటే అలాగే సర్వీసు చేసింది.

అవతలి ఆటగత్తె తిరగ్గొడితే బంతిలా పైకి లేచిన నన్ను మృదుల బలమంతా పెట్టి కొట్టింది. ఫట్‌మని నా వల సగం విరిగింది. వంకర తిరిగి నెట్‌లో పడ్డాను. మృదుల ఓడిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

"సరదా తీరిందిగా? ఇంక మానేయ్" అన్నాడు కిశోర్. మృదుల తల దించుకుని బ్యాటు సంచిలో పెట్టుకుంది.

రాజ్యలక్ష్మమ్మ నన్ను తీసి నొక్కి చూసింది. ఆవిడ వేళ్ల మధ్య ఇంకో ముక్క పుటుక్కున విరిగింది. మొహం పాలిపోయింది. నన్ను చెత్తబుట్టలో పడేసి కొడుకు వైపు తిరిగింది. నా విషయంలో ఆవిడ చేసిన మొదటి మంచిపని అదే. ఎండలో ఉన్న బుట్ట వెచ్చగా ఉంది.

"ఆగరా! ఓడింది నా కోడలు కాదు, నేను. చల్లబెట్టి పెళుసు చేసింది నేనే. ఓడినోళ్లు మానెయ్యాలన్నావుగా? రేపట్నుంచి నేను వంట మానేస్తున్నా. అది ఆడుద్ది."

కిశోర్‌కి కాఫీ కలుపుకోవడం కూడా రాదు. పెళ్లాం చేతిలోని బ్యాటు సంచి అందుకుని తన భుజాన వేసుకున్నాడు.