సున్నం రాసిన ఆకు

ఈ బిళ్ళ వేసుకున్నాక రెండు గంటలదాకా పాలు, పెరుగు ముట్టనీయొద్దని డాక్టరు చీటీ మీద గీత గీసి మరీ చెప్పాడు. చెప్తే వినని మనిషినా నేను? మజ్జిగ లేందే మా ఆవిడ రామాయమ్మకి ముద్ద దిగదు. అయినా సరే, గిన్నెతో సహా పక్కింటికి పంపించేశా. "ఏందయ్యా ఈ పోలీసు కాపలా?" అని జ్వరంలో కూడా ఎగతాళి చేసింది.

మిరప చేలో పురుగు కుట్టి నడుం దగ్గర నల్లగా చెక్కు కట్టింది. దాంతో వచ్చిన జ్వరం. కారంపూడి డాక్టరు ఆ చెక్కు చూడగానే కనిపెట్టాడు. వారానికి బిళ్ళలు రాసిచ్చి, తగ్గిపోద్దన్నాడు.

బిళ్ళ మింగితే రామాయికి కడుపులో తిప్పేది. అందుకని మింగిన వెంటనే తమలపాకుకి సున్నం రాసి, వక్క పెట్టి, నేనే చుట్టి నోట్లో పెట్టేవాణ్ణి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎప్పుడన్నా చేశానా? చేయలా. "సున్నం ఇంకాస్త రాయవయ్యా, పిసినారీ" అనేది. రాశా. పొద్దునా సాయంత్రం, ఐదు రోజులు.

జ్వరం తగ్గలా. పైగా ఆయాసం. నకిలీ బిళ్ళలు అంటగట్టావని మందుల షాపు నాగేశ్వరరావుని బజార్లో నానా మాటలూ అన్నా.

నరసరావుపేట ఆస్పత్రిలో డాక్టరమ్మ దాని ఎర్రగా పండిన నోరు చూసింది. "బిళ్ళతో పాటు ఆకు వేసుకుందా?"

"నేనే చుట్టిచ్చానమ్మా" అన్నా, గొప్పగా.

"పాలల్లో ఉండే కాల్షియమే సున్నంలోనూ ఉంటుంది. అది మందుని ఒంటికి పట్టనీయదు" అంది మెల్లగా.

సంచిలోంచి ఆకుల కట్ట తీసి చెత్తబుట్టలో పడేశా.

సాయంత్రం నరానికి మందు ఎక్కుతోంది. "ఏమయ్యా, ఒక్క ఆకు చుట్టవా?" అంది రామాయి.

"నోర్ముయ్యవే! ఆకు పేరెత్తావంటే చంపుతా!" అని అరిచా.

బిత్తరపోయి నా వంక చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

కాగితాల మీద సంతకం పెడుతూ నర్సుని అడిగా, నిన్న ఆకు వేసుకునుంటే ఏమయ్యేదమ్మా అని.

"నరానికి ఎక్కించే మందుకి ఆకేం అడ్డం కాదు బాబాయ్" అంది.

అయ్యో, ఇవ్వొచ్చంట. ఆ ఒక్కటీ ఇవ్వొచ్చంట. ఎందుకు కసిరానో కూడా తెలవకుండానే పోయింది నా రామాయి.