ముందుకు జరిగిన పన్ను

రబ్బరు గిన్నెలో ప్లాస్టరు చిక్కబడుతోంది. బుడ్డి దాన్ని పళ్ల అచ్చులోకి కొద్దికొద్దిగా జార్చి, అచ్చును బల్లకు తట్టింది. ఒక్క బుడగ మిగిలినా ప్లాస్టరు పంటికి పుప్పి పట్టినట్టు గుంట పడుతుంది. తట్టీ తట్టీ భుజం ఎప్పుడో అరిగిపోయింది. పొట్టిగా ఉందని చిన్నప్పుడు పెట్టిన పేరు, యాభై దాటినా పళ్ల ఆసుపత్రిలో అందరికీ ఆమె బుడ్డే.

అచ్చు ఒక కాలేజీ అమ్మాయిది. ఆ పిల్లకు పుట్టుకతోనే కింది దవడలో ఒక పన్ను లేదు. ఆ ఖాళీ మూయడానికి తీగ కట్టి వెనకపళ్లను మెల్లగా ముందుకు లాగుతున్నారు. డాక్టరమ్మ పాత ప్లాస్టరు పళ్లనూ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి, చిట్టచివర వేలు పెట్టింది.

"జ్ఞానదంతం చూశావా బుడ్డీ? దానికి తీగే వెయ్యలేదు. ముందుది జరిగితే వెనకాలే వచ్చేసింది. కాస్త వాలింది, అంతే."

"వాలదా మరి? రమ్మని దాన్నెవరడిగారు?"

డాక్టరమ్మ నవ్వి వెళ్లిపోయింది.

బుడ్డినీ ఎవరూ అడగలేదు. అక్క చనిపోయిన ఏడాదే పెద్దలు మాట్లాడుకుని ఆమెను బావకిచ్చి అక్క ఇంట్లోకి పంపేశారు. పెళ్లయ్యాక పిలుపైనా మార్చుకోనక్కర్లేకపోయింది. బావ బావే. మంచివాడు, ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆయన బుడ్డిలో బుడ్డినే చూస్తాడో, అక్కను చూస్తాడో మాత్రం ఇన్నేళ్లలో తేలలేదు. అడగడానికి మొదట సిగ్గేసింది, తర్వాత బద్ధకమేసింది.

ఇప్పుడు బావకు మతిమరుపు ముదిరింది. ఆమెను "బంగారం" అంటున్నాడు. అది అక్క ముద్దుపేరు. బుడ్డి కొన్నాళ్లు సరిదిద్ది, ఓపిక చచ్చి, "ఆఁ" అనడం మొదలుపెట్టింది. ఏ పేరైతేనేం, మందు మింగితే చాలు.

మధ్యాహ్నం ఇంటికెళ్లి జావ తాగిస్తుంటే బావ చుట్టూ వెతికి చూశాడు.

"బంగారం, బుడ్డేదీ?"

చెంచా ఆగిపోయింది.

"పనికెళ్లింది," అంది అలవాటు కొద్దీ.

"ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రం."

"రానీ," అన్నాడు.

నేనే బుడ్డిని అనొచ్చు. అంటే మొదట్నుంచీ అంతా విడమరిచి చెప్పాలి, అవతల అచ్చులు ఎండిపోతుంటాయి. సాయంత్రం తీరిగ్గా చెబుదాంలే అనుకుని లేచింది. కానీ దారంతా ఆ మాటే చెవిలో ఉంది. బుడ్డేదీ అని అడిగాడు. అక్కనే ఎదురుగా కూర్చోబెట్టుకుని, తనకోసం అడిగాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమెకు సంతోషమేసింది. మధ్యాహ్నమంతా భుజం నొప్పి కూడా తెలియలేదు.

సాయంత్రం కాస్త ముందే బయల్దేరింది. పగలు బావను కనిపెట్టుకుని ఉండే పక్కింటి కుట్టుమిషనావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"బాధేం పడలేదమ్మా. కుర్చీలోనే, నిద్దట్లో పోయాడు. అంతకుముందు అరటిపండు ఇస్తే సగమే తిన్నాడు. మిగతాది తీసేయబోతే ఒప్పుకోలేదు. బుడ్డికి, అన్నాడు."

కుర్చీ పక్కన స్టూలు మీద చిన్న గిన్నె బోర్లించి ఉంది. బుడ్డి దాన్ని ఎత్తింది. కింద సగం అరటిపండు, తొక్క మళ్లీ పైకి కప్పి, కొస నల్లబడి.