దిగుడులో న్యూట్రల్

"లీటరుకి ఆరున్నరే ఇచ్చింది ఇవాళ," అన్నాడు మా ఆయన, కారు కిటికీలోంచి తల లోపలికి పెట్టి.

నేనింకా సీటు బెల్టు కూడా తీయలేదు. రోజూ సాయంత్రం ఇదే వరస. ముందు స్క్రీను మీద మైలేజీ చూస్తాడు. నా మొహం తరవాత, గుర్తుంటే.

ఏడుగురు పట్టే ఆ బండిలో నేనొక్కదాన్నే కొండ ఎక్కుతాను, దిగుతాను. కొండ మీద మంచినీళ్ళ ట్యాంకుల పక్కన నీటి పరీక్షల ల్యాబులో నా ఉద్యోగం. "ఊరికి నీళ్ళు పైపుల్లో వెళ్తున్నాయనుకున్నానే తల్లీ, నువ్వే బండిలో మోస్తున్నావా?" అని మా అటెండరమ్మ రోజూ ఆటపట్టిస్తుంది. బండి మా ఆయన పేరు మీద ఉంది. స్థలాలు అమ్మిపెట్టే వ్యాపారం ఆయనది. "చిన్న కారులోంచి దిగితే ఎవడు నమ్ముతాడే? బండిని చూసే మనిషికి కుర్చీ వేస్తారు," అని కొన్నాడు. వాయిదాలు నా జీతంలోంచి పోతాయి, పెట్రోలూ అంతే. వ్యాపారం మందగించాక, ఆ మధ్య ఒకరోజు ఉన్నట్టుండి, ఇక తన భాగస్వామి కారులో తిరుగుతానని తాళాలు నా చేతిలో పెట్టాడు. "రాణీభోగమే నీకు," అంది అత్తయ్య. ఆదివారం పూట రాణీగారే స్టూలెక్కి ఆ బండి నెత్తి కడుగుతుంది. ఆయన వరండాలో కూచుని, అద్దం మీద మరక ఎక్కడ మిగిలిందో వేలితో చూపిస్తాడు.

మైలేజీ పాఠాలు భోజనాల దగ్గర జరిగేవి. ఏసీ కట్టెయ్. అద్దాలు దించకు, గాలి పట్టుకుంటుంది. "బ్రేకు తొక్కావంటే పెట్రోలు రోడ్డు మీద పారబోసినట్టే. దిగుడులో న్యూట్రల్లో వేసి వదిలెయ్. దానంతటదే జారుతుంది, చుక్క ఖర్చవదు." చెప్పినట్టే చేశాను. అలా చేసినందుకు నా మీద నాకే ఇప్పటికీ కోపం. నీళ్ళలో క్లోరిన్ ఒక్క పిసరు ఎక్కువైనా సంతకం పెట్టను, పై అధికారి వచ్చి నిలబడ్డా సరే. ఇంటికొచ్చేసరికి ఆ మనిషి ఎటు పోయేదో! కూర తరుగుతున్నా ఆ మైలేజీ అంకే కళ్ళ ముందు ఉండేది. ఇవాళ ఏడు దాటుతుందా, మూల మలుపులో అనవసరంగా బ్రేకు వేశానా, ఆ స్కూలు పిల్లలు రోడ్డు దాటేదాకా బండి ఆపకుండా ఉండాల్సిందా. పిల్లల్ని దాటనివ్వడం కూడా నాకు దుబారాలా అనిపించిందంటే, నా బుర్ర ఎవరి చేతుల్లో ఉందో మీరే ఆలోచించండి.

నెల రోజులుగా బ్రేకు తొక్కితే ఇనుము మీద ఇనుము రాసిన చప్పుడు. ఆయనకి చెప్పాను. "బండికి గొంతు బొంగురుపోకూడదా? పాటలు పెట్టుకో, వినపడదు," అన్నాడు. అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ శనివారం ఒంటిపూట పని. మధ్యాహ్నం ఒంటిగంటకి కొండ దిగుతున్నాను, న్యూట్రల్లో. మూడో మలుపు తిరగగానే నా ముందు కోడిగుడ్ల అట్టలు వేసుకుని దిగుతున్న వ్యాను, చాలా నెమ్మదిగా. బ్రేకు తొక్కాను. అది మెత్తగా, తడిమట్టిలో కాలు పెట్టినట్టు అడుగుదాకా దిగిపోయింది. బండి ఆగలేదు. రెండు టన్నులకి పైగా బరువు నా వీపుని ముందుకి నెడుతోంది. మాడిన వాసన. అప్పుడు నేను ఆయన చెప్పినదేదీ చెయ్యలేదు. గేరు కిందికి లాగాను, బండిని పిట్టగోడకేసి రాశాను. ఎడమ పక్క మొత్తం కీచుమంటూ గీరుకుపోయి, వ్యానుకి మూరెడు దూరంలో ఆగింది. వ్యాను డ్రైవరు దిగి వచ్చి నన్ను చూసి తిట్టబోయి మానేశాడు. "నీళ్ళు తాగండమ్మా," అన్నాడు. నా మొదటి ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెయింటు పోయింది, ఆయనకేం చెప్పాలి అని.

బండి కాసేపు చల్లారాక, తక్కువ గేరులో, నడిచినట్టుగా కొండ కిందికి తెచ్చాను. మా బండి ఎప్పుడూ బాగుచేసే షెడ్డు అక్కడే ఉంది. సర్వీసుకి ఎప్పుడూ మా ఆయనే తీసుకెళ్తాడు. తెల్లమీసాల మెకానిక్ ముందు చక్రం ఊడదీసి, చేతిలోని పాన కింద పెట్టి, నన్ను ఎగాదిగా చూశాడు.

"దీన్ని ఎవరు నడిపారమ్మా?"

"నేనే. రోజూ నేనే."

"సార్ చెప్పలేదా మీకు?"

లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చాడు. రెండు నెలల కిందటి తారీకు. 'ముందు బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగినవి. మార్చేవరకు బండి నడపరాదు. కస్టమరు మార్పిడి వద్దన్నారు.' కింద సంతకం, చివర ఆయన ఎప్పుడూ చుట్టే సున్నాతో సహా, మా ఆయనదే.

"రేపేదన్నా జరిగితే నా మెడకి చుట్టుకుంటుందని రాయించుకున్నానమ్మా. అంత ఖర్చా అని సీటు కవర్లు మాత్రం మార్పించుకున్నారు. బండి మీరేనా సార్ నడిపేది అని అడిగాను. నేను నడపనులే అన్నారు. ఇంట్లో పెట్టేస్తారనుకున్నాను."

షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. నేను ఆ తారీకునే చూస్తూ నిలబడ్డాను. బండి తాళాలు నా చేతికొచ్చింది ఆ వారమే. అత్తయ్య కంటి ఆసుపత్రికి బయలుదేరితే, నేను దింపుతానన్నా వినకుండా ఆయన ట్యాక్సీ పిలిచిందీ ఆ వారమే. "ఇంట్లో అంత బండి పెట్టుకుని డబ్బులు తగలేస్తాడేంటే వీడు," అని అత్తయ్య గొణిగితే, "ఆ బండి నీకు వద్దులే అమ్మా," అన్నాడు. తల్లి మీద ఎంత ప్రేమో అనుకున్నాను. నన్ను చంపాలని అనుకోలేదేమో. అనుకోవాలంటే నా గురించి కాసేపైనా ఆలోచించాలి కదా.

ఫోను చేశాను. బ్రేకు పడలేదని, గోడకి రాశానని చెప్పాను.

"ఏ పక్క? డోర్లు కూడా పోయాయా?" అన్నాడు.

"ఎడమ పక్క. నాకేం కాలేదు."

"కాలేదుగా మరి. ప్యాడ్లు వచ్చే నెల చూద్దాం. నువ్వెలాగూ మెల్లగానే వస్తావు, పట్టుకొచ్చెయ్."

"నేను బస్సులో వెళ్తాను. మీరొచ్చి నడుపుకెళ్ళండి."

"మతిపోయిందా నీకు?" అన్నాడు మా ఆయన. "ఆ బ్రేకులతో నేనెలా నడుపుతాను?"

ఫోను పెట్టేశాను. ఆ కాగితానికి రెండు జిరాక్సులు తీయించి ఇమ్మని మెకానిక్‌ని అడిగాను.