తడి ఆరని ఎర్రరంగు

నేను ఒక బెండు చక్రాన్ని. కాన్వాసు గుడ్డ చుట్టి, చుట్టూ తాడు బిగించి, నీళ్లలో పడ్డవాళ్లకు విసరడానికే నన్ను చేశారు. ఐర్లండు పడమటి తీరాన కిల్‌బ్రానన్ అనే చిన్న ఊరుంది. దాని రేవుగట్టు మీద, ఒక ఇనుప కొక్కేనికి వేలాడుతూ బతుకుతున్నాను. కూర్చోవడానికి నాలుగు బల్లలు, పడవలు దింపే ఏటవాలు గట్టు, ఒక మంచినీళ్ల పంపు, నేను. ఆ రేవుకున్న సదుపాయాలు ఇంతే.

నన్ను చూసుకునేవాడు రేవు కాపలాదారు ఫింటన్. మంచివాడే కానీ అందం పిచ్చి. ఏటా వేసవిలో చక్కని ఊళ్ల పోటీకి న్యాయనిర్ణేతలు వచ్చేవారు. వాళ్లు వస్తున్నారంటే చాలు, ఊరంతా బ్రష్షులు పట్టేది. పాత పడవలో పూలమొక్కలు నాటేవారు, గట్టు మీది పక్షిరెట్టలు కడిగేవారు. పక్షులు మాత్రం ఆ పోటీని బొత్తిగా లెక్కచేసేవి కావు.

ఒక ఏడు నేను వెలిసిపోయానని ఫింటన్ నన్ను తీసి, తన కొట్టంలో ఎర్రరంగు వేసి ఆరబెట్టాడు. "ఒక్క పూటే కదా" అని గొణుక్కున్నాడు. కొత్త రంగు చూసుకుని నేనూ మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రమే జాలరి డెర్మట్ పీతల బుట్టతో పడవ దిగుతూ మెట్ల మీద నాచుకు జారి నీళ్లలో పడ్డాడు. ఆ ఊరి జాలర్లు ఈత నేర్చుకోరు. ఈత వచ్చినా ఆ చలినీళ్లలో చావు ఆలస్యమవుతుంది గానీ తప్పదని వాళ్ల నమ్మకం. వాళ్లకు ఉన్న ఆసరా అంతా నేనే. ఫింటన్ పరుగున వచ్చి కొక్కెం మీద చెయ్యి వేశాడు. ఖాళీ. కొట్టానికి పరుగెత్తి నన్ను తెచ్చి విసిరాడు. నేను చక్కగా తేలాను. పట్టుకోవడానికి డెర్మట్ లేడు.

జనం పోగయ్యారు. "విసిరాను, అందుకోలేకపోయాడు" అన్నాడు ఫింటన్. డెర్మట్ భార్య నోరీన్ ఏడుస్తూ అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు చెయ్యగలిగింది చేశావయ్యా. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

తన చేతుల్ని అతను వెనక్కి తీసుకోలేకపోయాడు. ఆ ఏడు బహుమతి మా రేవుకే వచ్చింది. బహుమతి ఫలకాన్ని నా పక్కనే బిగిస్తుంటే ఫింటన్ కొట్టిన మేకులన్నీ వంకరపోయాయి.

మరుసటి వేసవిలో అలవాటు కొద్దీ మళ్లీ రంగుడబ్బాతో వచ్చాడు. బల్ల మీద కూర్చున్న నోరీన్ లేచి దగ్గరికొచ్చింది.

"దానికి రంగు వెయ్యకు, ఫింటన్."

"వెలిసిపోయింది కదా, నోరీన్..."

"వెలవనీ. ఆ రోజు నీ చేతుల రంగు నా చేతులకు అంటింది. ఆ పూట ఇది కొక్కెం మీద లేదని అప్పుడే అర్థమైంది. నువ్వే చెబుతావని ఏడాదంతా చూశాను."

ఆమె జవాబు కోసం ఆగలేదు.

అప్పటినుంచి నన్ను ఎవరూ కొక్కెం మీంచి తీయలేదు. రంగంతా పొలుసులుగా రాలిపోయింది. మా ఊరికి మళ్లీ బహుమతి రాలేదు. ఫింటన్ రోజూ పొద్దున్నే వచ్చి, నేను ఉన్నానో లేదో చూసి పోతాడు. నోరీన్ కూడా వస్తుంది. నా మీద ఒకసారి చెయ్యి వేసి, అరచెయ్యి తిప్పి చూసుకుంటుంది.