ఎంటర్ నొక్కే ముందు

పొద్దున్నే ఆయన కుర్చీలో కూర్చున్నాడో లేదో, కంప్యూటర్లో నల్లపెట్టె తెరిచాడు. ఆస్పత్రి రక్తనిధి రికార్డుల గదిలో అందరి కంప్యూటర్లలాగే ఆయనదీ విండోసే. కాని అందులో పట్టుబట్టి, ఆదేశాలు టైపు చేస్తే పనిచేసే లైనక్స్ పెట్టించుకున్నాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మినుకుమనే చిన్న గీత. మౌసు ముట్టడు. రెండు చూపుడువేళ్ళతో ఒక వరుస కొడతాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు, కొట్టింది పెదవులు కదుపుతూ చదువుకుంటాడు, అప్పుడు గాని ఎంటర్ నొక్కడు. చూసేవాళ్ళకి ఒళ్ళు మండుకొస్తుంది. నల్లపెట్టె బాబాయ్ అని పేరు స్థిరపడిపోయింది. ఈ సాయంత్రం ఐదింటికి ఉద్యోగ విరమణ.

ఆ చదవడం ఊరికే రాలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఆయన కొట్టిన చెరిపే ఆదేశంలో అక్కర్లేని చోట ఒక ఖాళీ పడింది. ఒక ఏడాది రక్తదాతల జాబితా మొత్తం రెప్పపాటులో మాయం. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయన్ని లోపల్లోపల తినేసింది. పాత రిజిస్టర్లు ముందేసుకుని, పదకొండు నెలల ఆదివారాలు ఒక్కొక్క వరుసే మళ్ళీ కొట్టాడు. "ఆ పుస్తకాలనే కట్టుకోవాల్సింది మీరు" అని భార్య దెప్పేది.

పదకొండింటికి రక్తనిధి అమ్మాయి పరుగున వచ్చింది.

"బాబాయ్, కాన్పు గదిలో ఒకావిడకి రక్తం ఆగట్లేదు. లక్షమందిలో ఒకరికుండే గ్రూపు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక్కళ్ళూ లేరు!"

"ఫోను నంబరు లేనివాళ్ళని అది ఎక్కించుకోనేలేదు తల్లీ. వాళ్ళంతా నా దగ్గరే ఉన్నారు."

వెతికిపెట్టే ఆదేశం, గ్రెప్ అని కొట్టాడు, పక్కన గ్రూపు పేరు, ఆపైన పాత ఫైళ్ళన్నీ. చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. పెదవులు కదిలాయి.

"నొక్కు బాబాయ్, నీకు పుణ్యముంటుంది!"

చదవడం అయ్యాకే నొక్కాడు.

నాలుగు లక్షల వరుసలు. ఆ అమ్మాయి ఊపిరి తీసుకుని వదిలేలోగా ఒకే ఒక్కటి వచ్చి నిలబడింది. పేరు, స్త్రీ, అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, పంతొమ్మిదేళ్ళ కిందటి దానం. చిరునామా: ఆస్పత్రి లాండ్రీ.

"అమ్మో! మన ఇస్త్రీ అక్క! కింద గదిలోనే ఉంది కదా బాబాయ్!" మెట్లమీద అమ్మాయి చెప్పుల చప్పుడు దూరమైంది.

ఆయన కదల్లేదు. వరుసకి ముందు ఫైలు పేరు కనబడుతోంది. తను చెరిపేసిన ఏడాది. ఏదో ఒక ఆదివారం, నడుం నొప్పితో, ఈ పేరునీ కొట్టే ఉంటాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అద్దాలు మళ్ళీ మసకబారాయి.

నాలుగింటికి అమ్మాయి వచ్చింది. "తల్లీబిడ్డా క్షేమం బాబాయ్. ఇస్త్రీ అక్క పళ్ళరసం తాగి, దుప్పట్లు మిగిలిపోయాయని తిడుతోంది. అసలా పెట్టెలో ఏముంది బాబాయ్? దేవుడా?"

"దేవుడూ లేడు, ఏమీ లేదు. ఎవరో ఒకరు కొట్టి ఉంచాలి, అంతే." ఆయన కుర్చీలోంచి లేచాడు. "రేపటినుంచి నువ్వు కూర్చో ఇక్కడ."

ఐదింటికి టిఫిన్ డబ్బా, గొడుగు పట్టుకుని వెళ్ళిపోయాడు. లిఫ్టు దగ్గర ఎవరో చెయ్యి ఊపారు, ఆయనా ఊపాడు.

మర్నాడు అమ్మాయి ఆ కుర్చీలో కూర్చుంది. తెర అంచున, గాయాలకు వేసే ప్లాస్టరుతో అంటించిన పాత చీటీ ఉంది: "ముందు చదువు. తరవాత నొక్కు." ప్లాస్టరు మీద ప్లాస్టరు, ఎన్ని పొరలో. అన్నిటికన్నా పైది మాత్రం నిన్న సాయంత్రమే వేసినట్టు తెల్లగా ఉంది.